కషిష్ చిత్రోత్సవానికి అమ్మను తీసుకెళ్లాలి, సలహా ఇవ్వండి

నమస్కారం. 2010లో ముంబయిలో మొదలైన కషిష్ క్వియర్ (గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వంటివారి కథల) చిత్రోత్సవానికి ఈసారి అమ్మను, తమ్ముణ్ణి తీసుకెళ్లాలనుకుంటున్నాను. తమ్ముడు గే అని అమ్మకు తెలుసు. వాడి మీద ప్రేమ ఏమాత్రం తగ్గలేదు, కానీ వాడి బతుకు ఎలా ఉంటుందోనన్న బెంగ ఆమెను వదలడం లేదు. అలాంటి జీవితాలను పెద్ద తెర మీద, నిండు హాలులో ఆమెకు చూపించాలని నా కోరిక.

అమ్మ ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ చదవలేదు. ఆదిలాబాద్‌లో పెరిగింది కాబట్టి మరాఠీ, హిందీ బాగా అర్థమవుతాయి. 2025లో అమెరికాలోని సన్‌డాన్స్ చిత్రోత్సవంలో గ్రాండ్ జ్యూరీ బహుమతి గెలిచిన ‘సాబర్ బోండా’ మరాఠీదే, పల్లెటూరి కథే. ఆమెకు అందే అలాంటి అవార్డు చిత్రాలు ఇంకేమున్నాయి?

పెద్దవాళ్లతో కషిష్‌కు వెళ్లినవారు ఎవరైనా ఉన్నారా? అమ్మకు మోకాళ్ల నొప్పులు, రోజంతా కూర్చోలేదు. నచ్చిన ప్రదర్శనకే వెళ్లి వచ్చేయవచ్చా? ముందు లఘుచిత్రాలు చూపించడం మంచిదా?