వైరల్ జ్వరం తగ్గి ఐదు నెలలైంది, తమ్ముడికి తూలుడు తగ్గలేదు. టెన్షన్ వల్లే అంటున్నారు, నిజమేనా?

అనంతపురం అక్క:
అందరికీ నమస్తే. మేము బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. మా తమ్ముడికి వైరల్ జ్వరం వచ్చి తగ్గిన నాలుగో రోజు, పొద్దున లేవగానే గది గిర్రున తిరిగింది, ఒకటే వాంతులు, రెండు రోజులు మంచం దిగలేదు. లోపలి చెవి నరం వాచిందన్నారు ఈఎన్‌టీ డాక్టర్. ఆ తిరుగుడు పది రోజుల్లో పోయింది కానీ ఇప్పటికీ నిలబడితే పడవలో ఉన్నట్టు ఊగుతోందంటాడు. మెట్రో ఎక్కడం మానేశాడు. మొన్న సూపర్ మార్కెట్‌లో సబ్బులు, బిస్కెట్ల వరసల మధ్యకి రాగానే ట్రాలీ కడ్డీని రెండు చేతులా పట్టుకుని కళ్ళు మూసుకున్నాడు, నుదుటి నిండా చెమట. ఎంఆర్ఐ నార్మల్. ఒక డాక్టర్ రిపోర్టులు చూసి "ఏమీ లేదు, టెన్షన్ తగ్గించుకో" అని రెండు నిమిషాల్లో పంపేశారు. అప్పటినుంచి "నేను నటిస్తున్నానా అక్కా" అని అడుగుతున్నాడు. ఏం చెప్పాలో తెలియట్లేదు.

బ్యాలెన్స్ ఫిజియో, కేఆర్ పురం:
నటించట్లేదని ముందు గట్టిగా చెప్పండి. మీరు రాసింది పీపీపీడీ అనే, నెలల తరబడి వదలని తూలుడు జబ్బులా ఉంది, చూడకుండా నేను తేల్చలేను గానీ, మూడు నెలలు దాటినా దాదాపు రోజూ ఉండటం, నిలబడితే, కదిలితే, కళ్ళ ముందు రద్దీ ఉంటే ఎక్కువవడం దాని గుర్తులు. 2017లో బరానీ సొసైటీ అనే, తలతిరుగుడు జబ్బుల నిపుణుల అంతర్జాతీయ సంఘం వీటిని ఖరారు చేసింది. వానకి తడిసిన పొలం గట్టు మీద ఎలా నడుస్తాం? ఒళ్ళు బిగబట్టి, చూపంతా నేల మీదే పెట్టి. చెవి దెబ్బతిన్నప్పుడు మెదడు అలాగే నడిపిస్తుంది, అది అవసరం కూడా. చెవి బాగయ్యాక కూడా ఆ బిగింపు వదలకపోవడమే ఈ జబ్బు. మనసు పాత్ర ఇక్కడే: మళ్ళీ పడిపోతానేమో అన్న భయం, క్షణక్షణం ఒంటిని గమనించుకోవడం ఆ బిగింపుని వదలనివ్వవు. బ్యాలెన్స్ కుదిర్చే వెస్టిబ్యులర్ వ్యాయామాలు, ఆలోచనల తీరు మార్చే సీబీటీ అనే కౌన్సెలింగ్, కొందరికి డాక్టర్ రాసే ఎస్ఎస్ఆర్ఐ మందులు (దిగులు, ఆందోళనలకి వాడేవే) పనిచేస్తాయి. మెట్రో పూర్తిగా మానేయనివ్వకండి, రద్దీ లేని వేళ ఒక్క స్టేషన్‌తో మొదలుపెట్టించండి.

హెచ్ఎస్ఆర్ వాసి:
నాది వేరే కథ, కోవిడ్ తర్వాత ఎడమ కాలు పట్టు తప్పింది. న్యూరాలజిస్ట్ నన్ను పడుకోబెట్టి, ఎడమ మడమ కింద చెయ్యి పెట్టి కిందికి నొక్కమంటే నావల్ల కాలేదు. కుడి కాలు పైకెత్తమన్నారు. ఎత్తుతుంటే అదే ఎడమ మడమ తనంతట తానే ఆయన చేతిని గట్టిగా నొక్కింది! 1908లో హూవర్ అనే డాక్టర్ చెప్పిన పరీక్షట. కాలిలో బలం ఉంది, కావాలని కదపబోతేనే అందట్లేదు, అది మీ చేతిలో లేదు అని నాకు చూపించి మరీ చెప్పారు. "టెన్షన్" అని పంపేసినవాళ్ళకీ ఈయనకీ అంత తేడా. ఆ రోజు కారులో కూర్చుని ఏడ్చాను.

చదివి రాస్తున్నా:
మనసు అనే మాటతో జాగ్రత్త. 2022లో హార్వర్డ్ వాళ్ళు 54 వేల మందికి పైగా గమనిస్తే, కోవిడ్‌కి ముందే దిగులు, ఆందోళన ఉన్నవాళ్ళలో లాంగ్ కోవిడ్ (కోవిడ్ తగ్గాక కూడా వదలని లక్షణాలు) ఎక్కువగా కనిపించింది. అయినా లాంగ్ కోవిడ్ వచ్చినవాళ్ళలో 40 శాతానికి పైగా ముందు అలాంటి దిగులేమీ లేనివాళ్ళే. అంచేత బి12, థైరాయిడ్ చూపించండి. పడుకున్నప్పుడు, లేచి నిలబడి పది నిమిషాల్లోపు నాడి కొలిపించండి. పెద్దవాళ్ళలో అది నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి అలాగే ఉంటే పాట్స్ (నిలబడితే గుండె వేగం బాగా పెరిగే జబ్బు) కావచ్చు, దానికి దారి వేరు.

అనంతపురం అక్క:
అందరికీ చాలా థ్యాంక్స్. ఇవన్నీ వాడికి చదివి వినిపించాను. పొలం గట్టు మాట దగ్గర ఆపి, "అదే అక్కా, నేను వేళ్ళు బిగించి నడుస్తున్నా, చెప్పులు కూడా ముందువైపే అరిగాయి" అని తెచ్చి చూపించాడు. నిమ్హాన్స్‌కి తీసుకెళ్దామనుకుంటున్నాం, ఓపీకి పొద్దున ఎన్నింటికల్లా వెళ్ళాలో ఎవరికైనా తెలుసా?