"కల్పించుటయ కాదె": ఆ "య" గురించి

ప్రశ్న: నిన్న రాత్రి ఓపెన్‌పైఎక్స్‌ఎల్‌తో (ఎక్సెల్ ఫైళ్ళు రాసే పైథాన్ లైబ్రరీ) ఒక స్క్రిప్టు రాస్తున్నాను. నెలకొకటి చొప్పున 12 షీట్లు, ఒక్కోదానికి చివరి గడిలో మొత్తం. లూపులో రాయాల్సింది ఒక్క వరుసే: ఆ గడికి =సమ్(బి2:బి32) అన్న స్ట్రింగు అప్పగించడం. అంత చిన్న వరుస నెల లెక్కంతా మోస్తుంటే, కొద్ది అక్షరాల్లో గొప్ప అర్థం పలికించడమే కవి వివేకం అన్న పాల్కురికి సోమన బసవపురాణం ద్విపద గుర్తొచ్చింది. "అల్పాక్షరముల ననల్పార్థరచన" దాకా గట్టిగా ఉంది. ఆ తర్వాత "కల్పించుటయ కాదె కవివివేకంబు"నా, "కల్పించుటయు కాదె"నా? స్క్రిప్టు పైన కామెంటుగా పెట్టుకోవాలని ఉంది. తప్పు పోకూడదు.

జవాబు: "టయ". అది అవధారణ, అంటే నొక్కి చెప్పడం. ఇప్పటి మాటలో "కల్పించుటే". "యు" పెడితే "కల్పించడం కూడా" అయిపోయి పట్టు సడలుతుంది.

జవాబు: నా నోట మాత్రం "టయు" అనే నిలిచింది. ఛందస్సు తేలుస్తుందేమోనని గణాలు వేసి చూశాను. కల్పించు తగణం, టయ కాదె సలం, కవివివే నగం, కంబు హగణం. "య" అయినా "యు" అయినా లఘువే.

జవాబు: అంతెందుకు, "కల్పించుటే కాదె" అన్నా "టే కాదె" తగణమే, చక్కగా నడుస్తుంది. ప్రాస "ల్ప" మొదట్లోనే కుదిరిపోయింది. గణాలను వదిలి అర్థంతో తేల్చండి.

జవాబు: అసలు సోమన మనసులో ఉన్నది సూత్రం ఎలా ఉండాలో చెప్పే సంస్కృత శ్లోకం అని నా నమ్మకం. "అల్పాక్షర మసందిగ్ధం సారవద్విశ్వతోముఖమ్, అస్తోభ మనవద్యం చ". ఫార్ములాని మనం సూత్రం అంటూనే ఉన్నాం కనుక కామెంటుకి ఇదే తగింది. అందులోనూ "అస్తోభం" చూడండి. సామగానంలో రాగం నిలపడానికి వేసే "హాఉ" లాంటి అర్థం లేని అక్షరాలు స్తోభాలు. మొన్న నేను విప్పిన ఒక ఫార్ములాలో ఇఫ్ లోపల ఇఫ్, 11 పొరలు. ఎక్సెల్ 64 దాకా ఒప్పుకుంటుంది. పక్కన చిన్న పట్టిక వేసి, అందులో వెతికి విలువ తెచ్చే వీలుకప్ పెడితే ఒక్క వరుసలో ఒదిగింది. తీసేసినవన్నీ స్తోభాలే.

జవాబు: మాస్టారూ, "అసందిగ్ధం" (సందేహానికి తావివ్వనిది) దగ్గర నాకో పేచీ ఉంది. ఆ లైబ్రరీ గడిలో అక్షరాలు దాస్తుందే తప్ప లెక్క కట్టదు. రాసిన ఫైలును వెంటనే డేటా_ఓన్లీ=ట్రూ (ఫార్ములా కాదు, విలువే చూపమనడం) పెట్టి తెరవండి, మొత్తం ఉండాల్సిన చోట నన్ (None, ఏమీ లేదని) వస్తుంది. ఎక్సెల్ ఒకసారి తెరిచి సేవ్ చేశాకే అక్కడ విలువ చేరుతుంది. అల్పాక్షరాలు రాసినవాడివి, అనల్పార్థం తెరిచినవాడిది. ఇంకో మాట: అలా తెరిచిన ఫైలును అదే పేరుతో సేవ్ చేయకండి, ఫార్ములాలు పోయి విలువలే మిగులుతాయి.

ప్రశ్న వేసినవారు: నిన్న గంటసేపు నన్ నన్ అని వచ్చింది ఇందుకా! చాలా థాంక్సండీ. మరి "య"నా, "యు"నా?

జవాబు: గడి అని రాసినందుకు సంతోషం. సెల్ అని వదిలేయలేదు. బహువచనం మాత్రం గళ్ళు అనండి, గుడి గుళ్ళు, బడి బళ్ళు లాగా. "గడులు" వింటే చెవికి గుచ్చుకుంటుంది.

జవాబు: గడులు అన్నా అర్థమవుతుంది కదండీ. గళ్ళు అనగానే నాకు గళ్ళ చీరే కళ్ళ ముందుకొస్తుంది.

జవాబు: "య" దగ్గరికి రండి. సోమన అక్కడే "ఉరుతర గద్యపద్యోక్తులకంటె సరసమై పరగిన జానుఁదెనుంగు" అన్నాడు, అంటే గొప్ప గద్యపద్యాల కంటె సరసమైన తేట తెలుగు. ఒకదాన్ని పక్కకు నెట్టి ఇంకొకదాన్ని నిలబెడుతున్న మనిషి, "ఇది కూడా" అంటాడా? "ఇదే" అంటాడు. టయ.

జవాబు: ఆ "కంటె" చూశాకే నాకు "యు" మీద నమ్మకం పెరిగింది. జానుతెనుగు ఎంచుకోవడం ఒక వివేకం, కొద్ది అక్షరాల్లో చెప్పడం రెండోది. రెండోదాన్ని చేర్చేటప్పుడు "యు" రాదా మరి?