రికెటీ: గ్రీకు మాటా, రోగం పేరా?

వన్‌టౌన్:
గుంటూరులో దొరికే ఒక పోటీ పరీక్షల నోట్సులో ఇంగ్లీషు మాట rickety గురించి "రికెటీ: ఊగే. గ్రీకు రాకిస్ నుంచి పుట్టింది" అని ఉంది. నిజమేనా? రికెటీ బ్రిడ్జ్‌ని తెలుగులో ఏమనాలి?

బ్రాడీపేట:
నిజమే. రాకిస్ అంటే వెన్నెముక. దాన్నుంచి రాకిటిస్, అందులోంచి పిల్లల ఎముకల రోగం పేరు రికెట్స్, దాన్నుంచి రికెటీ. 1650లో ఇంగ్లీషు వైద్యుడు ఫ్రాన్సిస్ గ్లిసన్ లాటిన్ వైద్యగ్రంథంలో ఆ రోగానికి వాడిన పేరు రాకిటిసే.

కృష్ణలంక:
తలకిందులుగా చెప్తున్నారు మాస్టారూ. 1634 నాటి లండన్ మరణాల పట్టికల్లోనే రికెట్స్ ఉంది. 1645లో డేనియల్ విస్లర్ లైడెన్‌లో ఆ రోగం మీదే సిద్ధాంతవ్యాసం ఇచ్చాడు. గ్లిసన్ రాసేనాటికి జనం నోట నలిగిన మాట అది. దానికి దగ్గరగా వినిపించే గ్రీకు పేరు వెతికి ఆయన తగిలించాడు. రికెట్స్ మూలమేమిటో నిఘంటువులు తేల్చలేదు. రికెటీ మాత్రం రికెట్స్‌కి వై చేర్చితే వచ్చింది. విటమిన్ డి చాలక ఎముకకు కాల్షియం పట్టదు, మెత్తబడుతుంది. పిల్లవాడు నిలబడగానే ఒంటి బరువుకే కాళ్లు విల్లులా వంగుతాయి. బల్లకీ కుర్చీకీ పాకింది ఆ బొమ్మే.

పటమట:
ఇంగ్లీషులో వాబ్లీ (wobbly) అన్నా ఇదే కదా?

కృష్ణలంక:
కాదండీ. బల్ల ఎదురెదురు మూలలు మార్చి మార్చి నొక్కండి. టకటకమని ఊగి, ఒక కాలి కింద అట్టముక్క పెట్టగానే ఆగితే అది వాబ్లీ. అతుకులు గట్టివే, కాలో నేలో ఎగుడుదిగుడు. పక్కనుంచి తోస్తే చట్రమంతా ఒరిగితే రికెటీ. వానాకాలం కర్ర ఉబ్బి బెజ్జంలో నలుగుతుంది, బెజవాడ ఎండకు కుంచించుకుపోతుంది, బెజ్జంలో దూర్చిన కర్రకొన, అంటే కుసి, వదులవుతుంది. మేకు కొడితే కర్ర చీలుతుంది. అతుకు ఊడదీసి, పాత జిగురు గీకి, సన్నటి చీలిక పెట్టి, కొత్త జిగురుతో రాత్రంతా బిగించి కట్టాలి. ఊగడం పైకి కనిపించేది, అసలు లోపం కీళ్లలో.

బ్రాడీపేట:
అడిగింది మూలం, వడ్రంగం కాదు! పరీక్ష ఆన్సర్ కీలో గ్రీకు అని ఉంటే పిల్లలు ఏం రాయాలి? మార్కు పోతే మీరిస్తారా?

కృష్ణలంక:
అదీ సంగతి. మీ పట్టింపు మాట మీద కాదు, కీ మీద. తప్పు కీ మీద అభ్యంతరం పెట్టించాలి గానీ, దానికోసం తప్పు నేర్పిస్తామా?

బ్రాడీపేట:
అభ్యంతరానికి గడువుంటుంది, రుసుముంటుంది. అద్దెగదుల్లో ఉండి చదివే పిల్లలకు ఆ భారం మీకు తెలియదు.

వన్‌టౌన్:
బ్రిడ్జ్ సంగతి?

కృష్ణలంక:
"లొడలొడలాడే వంతెన". శిథిలం అనకండి, శిథిలమైనది కదలకుండా కూడా నిలబడుతుంది.

బ్రాడీపేట:
రాకిటిస్ సంగతి 1634 చూశాక ఒప్పుకుంటున్నా. వంతెనకు మాత్రం "ఊగే" చాలు.

కృష్ణలంక:
ఊగే అంటే తాళ్ల వంతెన అనుకుంటారండీ.