ల్యాప్‌టాప్ పడితే హార్డ్ డిస్క్ పోకుండా ఏం చేయాలి?

ప్రశ్న: పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్‌లో 2.5 అంగుళాల హార్డ్ డిస్క్ ఉందండి. బల్ల మీంచి పడినా డేటా దక్కాలంటే రబ్బరు కవర్ చాలా?

జవాబు 1: చాలదండి. డేటా ఉండే, తిరిగే పళ్లెం (ప్లాటర్) మీద కొన్ని నానోమీటర్ల ఎత్తులోనే దాన్ని చదివి రాసే హెడ్ తేలుతుంది. తగిలిందా, గీత పడ్డట్టే. తిరిగేటప్పుడు సుమారు 400 జీ (భూమ్యాకర్షణకు 400 రెట్లు) దెబ్బకు ఓర్చే డ్రైవ్, ఆగి ఉంటే 1000 జీ దాకా తట్టుకుంటుంది. స్లీప్‌లోకి వెళ్లాకే కదిలించండి.

జవాబు 2: 75 సెంటీమీటర్ల బల్ల నుంచి నేలకు 0.39 సెకను. ఆలోపే హెడ్ ప్లాటర్‌కి దూరంగా జరిగి పార్క్ అవ్వాలి. ఐబీఎం 2003లో తెచ్చిన యాక్టివ్ ప్రొటెక్షన్ సిస్టమ్ చేసేది అదే. విండోస్ మళ్లీ వేస్తే దాని డ్రైవర్ (దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్) కూడా వేయండి, చాలామంది మర్చిపోతారు.

జవాబు 3: డ్రైవ్ పక్కల రబ్బరు పట్టీలు తప్పక తొడగండి. పడ్డాక టక్‌టక్ వినిపిస్తే వెంటనే ఆపేయండి, డిస్క్ తప్పులు వెతికే విండోస్ చెక్‌డిస్క్ అస్సలు నడపొద్దు. వీలైతే తిరిగే భాగాలే లేని సాటా ఎస్‌ఎస్‌డీకి మారండి.