మారిషస్ స్మారక నాణేలు: కొనొచ్చా, ఉత్త షోకా?

గోదారి_చిల్లర:
మారిషస్ చిల్లర నాణేలు దాదాపు అన్నీ పోగయ్యాయి. ఇప్పుడు 1975 నాటి వన్యప్రాణి సిరీస్‌లోని వెండి నాణేలు రెండు అమ్మకానికి కనిపించాయి. 25 రూపాయల దాని మీద సీతాకోకచిలుక, 50 రూపాయల దాని మీద కెస్ట్రెల్ అనే చిన్న డేగ. మా నాణేల క్లబ్బులో ఒక పెద్దాయన మాత్రం "బజారులో తిరగనిది నాణెం ఎలా అవుతుంది? డబ్బు పారెయ్యకు" అన్నారు. మీరేమంటారు?

పాత_అణా:
పెద్దాయన మాటే నాదీ. చేతులు మారి అరిగితేనే నాణెం. ఇవి బయటి దేశపు టంకశాలలో తయారై, పెట్టెలో పడి, అట్నుంచి అటే విదేశీ డీలర్ల దగ్గరికి పోయే సరుకు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్ మార్కెట్లో కూరగాయలు అమ్మే ఆవిడ వీటిని ఎప్పుడైనా చూసి ఉంటుందా? 1988లో డోడో (మారిషస్‌లో అంతరించిపోయిన పక్షి) బొమ్మతో వచ్చిన బంగారు నాణేలు తీసుకోండి. ఒకవైపు మారిషస్ తొలి ప్రధాని రామ్‌గులామ్, రెండోవైపు డోడో, విలువ 100 నుంచి 1000 రూపాయల దాకా వేశారు. కొనేవాడు ఆ అంకె వైపు చూడనైనా చూడడు, పావు ఔన్సా, అర ఔన్సా అనే అడుగుతాడు. దాన్ని కడ్డీ అంటే సరిపోతుంది.

చార్మినార్_మింట్:
అణా గారూ, అయితే మన ఎన్టీఆర్ నాణెం సంగతేంటండీ? 2023లో హైదరాబాద్ మింట్‌లోనే తయారైంది. మీద 100 రూపాయలు, లోపల సగమే వెండి, మనం కట్టింది నాలుగు వేల పైచిలుకు. దాంతో ఎవరూ ఉప్పూ పప్పూ కొనలేదు. అయినా మింట్ కౌంటర్ల దగ్గర జనం బారులు తీరారు. మనది అయితే అభిమానం, మారిషస్‌ది అయితే షోకా?

ఇక ఆ డేగ కథ వినండి. 1974లో అడవిలో లెక్కకు వచ్చిన మారిషస్ కెస్ట్రెల్స్ నాలుగంటే నాలుగే. డోడో 17వ శతాబ్దంలోనే పోయింది, ఇదీ అదే దారి పడుతుందనుకుంటున్న రోజుల్లో దాన్ని నాణెం మీదకి ఎక్కించారు. వన్యప్రాణుల్ని కాపాడే సంస్థలు డబ్ల్యూడబ్ల్యూఎఫ్, ఐయూసీఎన్‌ల పేరిట వచ్చిన సిరీస్ అది. తర్వాత జీవశాస్త్రవేత్త కార్ల్ జోన్స్ వాళ్లు గూళ్లలోంచి గుడ్లు తెచ్చి పొదిగించి, పిల్లల్ని పెంచి వదిలితే పక్షులు మళ్లీ వందల్లోకి వచ్చాయి. అరిగిన పావలాలో ఇంత కథ ఉంటుందా?

వెండి_తూకం:
వాదన మీరు మీరు చూసుకోండి. చిల్లర గారూ, కొనే ముందు ఒక్క విషయం. ఈ 1975 నాణేల్లో ఒకే బొమ్మతో రెండు రకాలున్నాయి. మామూలు ముద్రది 500 వెండి, అంటే వెయ్యి పాళ్లలో 500, సగమే. ప్రూఫ్, అంటే సేకరించేవాళ్ల కోసం ప్రత్యేకంగా ముద్రించింది, 925. ప్రూఫ్ అయితే 25 రూపాయలది 28.28 గ్రాములు, 50 రూపాయలది 35 గ్రాములు తూగాలి. తగ్గితే సగం వెండిదే. నెట్‌లో ఫోటో చూసి కనిపెట్టడం కష్టం, అమ్మేవాళ్లు కొందరు కావాలనే ఆ ముక్క చెప్పరు.

రెండోది మెరుపు. ప్రూఫ్‌లో ఖాళీ భాగం అద్దంలా ఉండి, బొమ్మ మసక తెలుపులో తేలుతుంది. ఒకాయన నాకు "క్లీన్ చేసి పంపుతున్నా సార్" అంటూ ఒకటి పంపాడు. లెన్స్ పెట్టి చూస్తే నాణెం మీది ఎలిజబెత్ రాణి మొహం చుట్టూ వెంట్రుకల్లాంటి గీతలు, అన్నీ గుండ్రంగా ఒకే వైపు. ఇంట్లో వెండి కుందులు తోమినట్టు విభూతి పెట్టి తోమేశాడు! ఆ నాణేనికి ఇక వెండి ధరే.

పోర్ట్‌లూయిస్_తెలుగు:
నేను ఇక్కడే ఉద్యోగం చేస్తున్నా. బ్యాంక్ ఆఫ్ మారిషస్‌కి 40 ఏళ్లు నిండాయని 2007లో రెండు లోహాల 20 రూపాయల నాణెం వేశారు. అదీ స్మారకమే, బస్సులో ఇస్తే కండక్టర్ తీసుకుంటాడు. అణా గారు దాన్ని ఏ గూట్లో పెడతారో మరి. డోడో మీద మోజుంటే 1971 పది రూపాయలు చూడండి, రాగి నికెల్‌ది, జేబుకు బరువు కాదు.

డబ్బు మీద ఏముందో ఇక్కడి జనం బాగానే పట్టించుకుంటారు. 1998లో నోట్ల మీద తమిళాన్ని హిందీ కిందకి దింపారని పెద్ద గొడవై, ఆ నోట్లే వెనక్కి తీసుకున్నారు. తెలుగు మాత్రం పైనా లేదు, కిందా లేదు. ఉగాదికి సెలవు వచ్చింది కానీ, నోటు మీద మనకు చోటు దొరకలేదు.

పాత_అణా:
ఎన్టీఆర్ నాణెం మా ఆవిడ కొంది, ఆ విషయం ఇంట్లో మాట్లాడను. ఆ 20 రూపాయలకు ఒప్పుకుంటా, అది ఊరు తిరిగిన నాణెం. డేగ బతికింది గుడ్లు పొదిగించిన వాళ్ల పుణ్యం, నాణెం చేసిందేముంది? మీరు తిరిగి అమ్మబోతే డీలర్ కథ వినడు, తక్కెడ తీస్తాడు.

చార్మినార్_మింట్:
అమ్మేందుకే కొనేవాళ్లకు షేర్లున్నాయి కదండీ.

గోదారి_చిల్లర:
అమ్మే ఆయన్ని తక్కెడ మీద పెట్టి ఫోటో పంపమన్నా. డేగ 32 గ్రాములకు అటూ ఇటూగా ఉంది. అడుగుతున్నది ప్రూఫ్ ధర! సగం వెండి ధరకైతే తీసుకుంటానని చెప్పా, ఇంకా జవాబు లేదు. సీతాకోకచిలుక తూకం రేపు పంపుతాడట.

వెండి_తూకం:
రెండు వైపులా ఫోటోలు అడగండి, లైటు పక్కనుంచి పడేలా. తోమారో లేదో తెలిసిపోతుంది.