60 దాటితే ముందు చక్రం దగ్గర మోత: బేరింగా, టైరా?

ప్రశ్న (నరసన్నపేట నుంచి)
అందరికీ నమస్కారం. నాది ముందు చక్రాలకు ఇంజను శక్తి అందే చిన్న పెట్రోలు కారు. విశాఖ వైపు వెళ్తుంటే 60 దాటగానే ముందు నుంచి ఊఁ అని ఒకే శ్రుతిలో మోత మొదలవుతోంది. ఎచ్చెర్ల దాటి కాస్త వేగం పెంచితే పక్కవాళ్ల మాట వినపడదు. ఆక్సిలరేటర్ వదిలినా తగ్గడం లేదు. షెడ్డులో చూపిస్తే నాలుగు హబ్ బేరింగులూ (చక్రం మధ్యలో ఉండి అది సాఫీగా తిరిగేలా చేసేవి) మార్చాలంటున్నారు. నాలుగూ ఒకేసారి పోతాయా?

జవాబు (విజయనగరం, షెడ్డు యజమాని)
నాలుగూ కూడబలుక్కుని పోవు బాబూ. ఏది పోయిందో తేల్చనిదే డబ్బు తీయకండి. జాతీయ రహదారి మీద వెనక వాహనాలు లేని చోట స్టీరింగును మెల్లగా కుడికి, ఎడమకు తిప్పి వినండి. కుడికి తిప్పినప్పుడు మోత పెరిగి, ఎడమకు తిప్పితే తగ్గిందంటే ఎడమ బేరింగు మీద అనుమానం పెట్టుకోవచ్చు. సాలూరు ఘాట్‌లో బస్సు మలుపు తిరిగితే మనమంతా బయటివైపు ఒరిగినట్టే, బండి బరువు కూడా బయటి చక్రం మీద పడుతుంది.

తరువాత జాకీ ఎత్తి, కింద స్టాండు పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపండి. లొడలొడ ఉంటే బేరింగో, చక్రాన్ని కింది ఆర్ముకు కలిపే బాల్ జాయింటో. ఇంకొకరు బ్రేకు తొక్కి పట్టుకున్నప్పుడు ఆ కదలిక ఆగిపోతే బేరింగే. కుడి ఎడమల పట్టుకుని ఊపినప్పుడు మాత్రమే కదిలితే ముందు టై రాడ్ (స్టీరింగు తిప్పుడును చక్రానికి అందించే కడ్డీ) చూడండి. ఏ కదలికా లేదని బేరింగును నిర్దోషిగా వదలకండి, మోత తొలిరోజుల్లో చక్రం గట్టిగానే ఉంటుంది. అప్పుడు ఒక చేత్తో చక్రం తిప్పుతూ రెండో చెయ్యి కాయిల్ స్ప్రింగు మీద ఆనించండి. పోయిన బేరింగు గరగర వేళ్లకు తెలుస్తుంది.

జవాబు (పలాస)
గురువు గారు చెప్పింది సరే, దానికంటే ముందు టైరు చూడండి. ట్రెడ్డు మీద అరచేత్తో ముందుకొకసారి, వెనక్కొకసారి నిమరండి. ఒకవైపు నున్నగా, ఇంకొకవైపు గరుకుగా తగిలితే ఆ మోత టైరుదే కావచ్చు. ముందు టైర్లు వెనక్కి, వెనకవి ముందుకు మార్చి నడపండి. మోత వెనక్కి వెళ్లిందంటే బేరింగు ఖర్చు మిగిలినట్టే.

ప్రశ్నించినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. టైర్లు మార్చి చూశాను, మోత ముందే ఉంది. కుడికి తిప్పితే పెరుగుతోంది, స్ప్రింగు మీద చెయ్యి పెడితే ఎడమవైపే గరగర. కిందటి వర్షాకాలంలో వంశధార పొంగినప్పుడు రోడ్డు మీది నీళ్లలోంచి వచ్చాను. అది కారణమా? గ్రీజు పెట్టిస్తే సరిపోదా?

జవాబు (విజయనగరం, షెడ్డు యజమాని)
కావచ్చు. దూరం నడిచి వేడెక్కిన హబ్బు ఒక్కసారిగా చల్లని నీటిలో మునిగితే లోపలి గాలి కుంచించుకుని సీలు సందుల్లోంచి నీటిని పీలుస్తుంది. మోత ఆ రోజే రాదు, లోపల తుప్పు పట్టాక నెలల తరువాత బయటపడుతుంది. కళింగపట్నం ఇసుకలోకి, సముద్రపు నీటిలోకి కారు దింపేవాళ్లకూ ఇదే మాట.

మీ బండిది సీలు వేసిన బేరింగు, గ్రీజు పెట్టే దారి లేదు. పాత జీపుల్లో, అంబాసిడర్లలో టేపర్ రోలర్ బేరింగులు విప్పి, కిరోసిన్‌తో కడిగి, పూర్తిగా ఆరాక చేత్తో గ్రీజు కూరి, నట్టు సరిచేసుకునేవాళ్లం. ఆ రోజులు వేరు.

ఇక అసలు మాట. కొత్త బేరింగును చంపేది చాలాసార్లు బిగించే చెయ్యే. సుత్తితో కొట్టి ఎక్కించే చోట పని ఇవ్వకండి, హైడ్రాలిక్ ప్రెస్సు ఉందా అని అడగండి. నకిల్‌లోకి (బేరింగును పట్టుకుని ఉండే ఇనుప దిమ్మలోకి) దించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాలి. ఆ తరువాత హబ్బు (చక్రం బిగించే మధ్య భాగం) దూర్చేటప్పుడు కింద లోపలి రింగుకు ఆనిక ఇవ్వాలి. ఇవి తారుమారైతే ఒత్తిడంతా గుండ్ల మీద పడి, రింగు దారిలో గుంటలు పడతాయి. కొత్త బేరింగు కొద్ది రోజులకే పాత పాట అందుకుంటుంది. పాతది విప్పేటప్పుడు లోపలి రింగు ఒకటి హబ్బుకే అతుక్కుని రావడం మామూలే. దాన్ని గ్రైండరుతో కోస్తూ హబ్బు మీద గీత పెడితే ఊరుకోకండి.

యాక్సిల్ నట్టు కొత్తది వేయించండి. బిగింపు ఎంతో కొలిచే టార్క్ రెంచితో, మీ బండి పుస్తకంలో రాసిన అంకెకే బిగించాలి. అది బిగించకుండా బండిని నేల మీదకు దించి తోస్తే బేరింగు లోపలే దెబ్బతింటుంది. స్ట్రట్ (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసిన భాగం) బోల్టులు విప్పుతారు గనుక చివర చక్రాల అలైన్‌మెంట్ తప్పదు. కుడివైపు బాగుంటే దాని జోలికి వెళ్లవద్దు.

ప్రశ్నించినవారు
ఎడమది ఒక్కటే ప్రెస్సు ఉన్న చోట మార్పించాను గురువు గారూ, మోత పోయింది. కానీ ఇప్పుడు ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకుపోకుండా చూసే ఏర్పాటు) దీపం వెలుగుతోంది.

జవాబు (పలాస)
ముందు ఏబీఎస్ కోసం చక్రం వేగం కొలిచే సెన్సారు వైరు కనెక్టరు సరిగా కూర్చుందో, విప్పేటప్పుడు వైరు తెగిందో చూడమనండి. అది బాగుంటే బేరింగును తిరగేసి ఎక్కించి ఉంటారు. కొన్ని బేరింగుల్లో ఒకవైపు సీలులోనే అయస్కాంతపు రింగు ఉంటుంది, అది సెన్సారు వైపు ఉండాలి. ఎక్కించే ముందైతే గుండుసూది ఆనించి చూస్తే ఏ వైపో తెలిసేది. తిరగేసిందే నిజమైతే మళ్లీ విప్పాలి, విప్పితే ఆ బేరింగు పనికిరాదు. బిల్లు చూపించి, కొత్త బేరింగు వాళ్ల ఖర్చుతోనే వేయమని అడగండి.