వయొలిన్ విద్వాంసులు కండక్టర్లుగా రాణించడం ఎలా సాధ్యం?

ప్రశ్న: పాశ్చాత్య శాస్త్రీయ సంగీతంలో పేరున్న వయొలిన్ విద్వాంసులు కొందరు నడివయసులో కండక్టర్లు (వాద్యబృందాన్ని చేతి సైగలతో నడిపేవారు) అవుతున్నారు. విల్లు పట్టిన చేతికి బేటన్ (కండక్టర్ చేతి పుల్ల) అంత సులువుగా అలవడుతుందా, లేక అది కేవలం పేరును బట్టి దక్కే అవకాశమా?

జవాబు 1: పేరొక్కటే కారణం కాదండీ. లండన్ సింఫనీ వాద్యబృందంలో రెండవ వయొలిన్ల విభాగానికి ప్రధానుడిగా పనిచేసిన నెవిల్ మారినర్, 1958లో వాద్యబృందమైన అకాడమీ ఆఫ్ సెయింట్ మార్టిన్ ఇన్ ద ఫీల్డ్స్‌ను నెలకొల్పి, మొదట్లో తానూ వాయిస్తూ కుర్చీలోంచే బృందాన్ని నడిపి, ఆ తరువాతే ప్రముఖ కండక్టర్ పియర్ మాంట్యూ ప్రోత్సాహంతో లేచి నిలబడి బేటన్ పట్టారు. 2011లో అదే బృందానికి సంగీత సారథి అయిన వయొలిన్ విద్వాంసుడు జాషువా బెల్ కూడా వయొలిన్‌ను వదల్లేదు.

జవాబు 2: వయొలిన్ విద్వాంసుడు విల్లీ బోస్కోవ్‌స్కీ 1955 నుంచి 1979 వరకు వియన్నా నూతన సంవత్సర కచేరీలను వయొలిన్ చేతపట్టుకునే నడిపారు. విల్లు తీగను తాకబోయే ముందు వాద్యకారుడు తీసుకునే ఊపిరి, చిన్నగా ఆడే తల, ఈ రెండూ తంత్రీవాద్యాలవారికి సైగగా చాలు. చిక్కంతా వెనుక వరుసల్లోని ఊదే వాద్యాలతోనే. విల్లు కదలికను బట్టి వారు అందుకోవడం కష్టం (కొమ్ము బూరలవారి సంగతి చెప్పనే అక్కర్లేదు).

ప్రశ్న అడిగినవారు: కృతజ్ఞతలు. అయితే ముందుగా చిన్న తంత్రీబృందాన్ని కుర్చీలోంచి నడపడమే సరైన మెట్టు అనిపిస్తోంది.